సంపాదించుకోవాలా, పొందాలా?

సందేహం: క్రైస్తవ విశ్వాసం గురించి రాసిన వ్యాసంలో ‘మనిషి మంచి పనుల వల్ల రక్షణ సంపాదించుకోవాలి’ అన్నాను. నా స్నేహితురాలు దాన్ని ‘విశ్వాసం ద్వారా రక్షణ పొందాలి’ అని దిద్దింది. వల్ల, ద్వారా, చేత మూడూ ఒకటే కదా? సంపాదించుకోవడానికీ పొందడానికీ అంత తేడా ఉందా? ‘రక్షించబడ్డాను’ అని కూడా అంటుంటారు, అది తెలుగేనా?

సమాధానం: మామూలు మాటల్లో ఈ మూడింటినీ కలిపేసినా కొంప మునిగేదేమీ లేదు. కానీ మీరు ఎత్తుకున్న విషయంలో ప్రత్యయం మారితే సిద్ధాంతమే మారిపోతుంది. మీ స్నేహితురాలి టెన్షన్ అదే అయ్యుంటుంది.

యేసు అపొస్తలుడు పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక (బైబిల్లోని ఒక ఉత్తరం) రెండో అధ్యాయం తీసి 8, 9, 10 వచనాలు చూడండి. ‘మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు’ అని మొదలవుతుంది. రక్షణ అంటే ఇక్కడ పాపం నుంచి విడుదల. ‘చేత’ తృతీయా విభక్తి. ‘రామునిచేత రావణుడు చంపబడెను’ అన్నప్పుడు పని చేసినవాడికి చేరే ప్రత్యయం. అంటే ఇక్కడ పని జరిపించింది కృప, అడక్కుండా చూపిన దయ. ‘ద్వారా’ దారిని చెబుతుంది. కిటికీ ద్వారా గాలి వస్తుంది, అంతమాత్రాన కిటికీ గాలిని పుట్టించదు. మూసి ఉంటే గాలి రాదు కూడా. ఆ వాక్యంలో విశ్వాసానికి ఉన్న చోటు అది.

తొమ్మిదో వచనంలో ‘అది క్రియలవలన కలిగినది కాదు’ అని వస్తుంది. ‘వలన’ పంచమి, కారణాన్ని చెప్పేది. మీ వాక్యానికి అడ్డు తగిలింది సరిగ్గా ఇక్కడే. పోనీ మంచి పనులు అక్కర్లేదా అంటే, పదో వచనం ‘సత్క్రియలు చేయుటకై’ మనం సృష్టింపబడ్డాం అంటుంది. ‘కై’ చతుర్థి, ప్రయోజనాన్ని చెప్పేది. పంచమిలో బయటికి పంపిన క్రియలు చతుర్థిలో లోపలికి వచ్చాయన్నమాట! చిన్నయసూరి విభక్తులు బట్టీ పట్టించే మాస్టార్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఇప్పటి తెలుగులో ‘చేత’ వాడుక తగ్గింది కాబట్టి ‘కృప వల్ల’ అని రాసినా తప్పు పట్టను. ‘వల్ల’ను దేని పక్కన పెడుతున్నారో చూసుకోండి, చాలు.

అలాగని మీ మాటకు ఆధారమే లేదనలేం. యాకోబు పత్రిక 2:24లో మనిషి ‘విశ్వాసమూలమున మాత్రము కాక క్రియల మూలమునను’ నీతిమంతుడని ఎంచబడతాడని ఉంది. ఆ ‘మాత్రము’ చుట్టూ జరిగిన గొడవ ఇంతా అంతా కాదు. 1522లో కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చిన లూథర్ (ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడు), పౌలు రోమీయులకు రాసిన పత్రిక 3:28లో ‘విశ్వాసం’ పక్కన మూలంలో లేని ‘మాత్రమే’ను చేర్చాడు. విమర్శలు వస్తే, జర్మన్ నుడికారం అలాగే అడుగుతుంది, పౌలు భావం కూడా అదే అని 1530లో జవాబు రాశాడు. 1547లో కేథలిక్కుల ట్రెంట్ సభ, విశ్వాసం ఒక్కటే చాలు, మనిషి కృపతో సహకరించక్కర్లేదు అనే వాదాన్ని ఖండించింది. అదే సభ, కృప లేకుండా సొంత క్రియలతో నీతిమంతుడు కావచ్చనే వాదాన్నీ ఖండించింది. కాబట్టి మీ వాక్యం ఉన్నదున్నట్టుగా కేథలిక్కులకూ పనికిరాదు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కేథలిక్కులూ లూథరన్లూ కలిసి సంతకాలు చేసిన ప్రకటనలో, మన యోగ్యత వల్ల కాక కృపచేతనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి.

ఇక క్రియాపదం సంగతి. రోమా 6:23లో మరణం ‘పాపమువలన వచ్చు జీతము’, నిత్యజీవం ‘దేవుని కృపావరము’. జీతం సంపాదించుకుంటాం, వరం పొందుతాం. తెలుగులో వరాన్ని సంపాదించేవాళ్లు లేరు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ‘రక్షణపొందుటకు నేనేమి చేయవలెను’ అని అడిగితే ‘విశ్వాసముంచుము’ అన్నదే జవాబు. అంటే పొందేవాడు ఊరికే కూర్చుంటాడని కాదు. మారుమనస్సు పొందాలి, యేసే ప్రభువని నోటితో ఒప్పుకోవాలి, బాప్తిస్మం (క్రైస్తవుల నీటి సంస్కారం) పొందాలి.

ఈ బాప్తిస్మం దగ్గర ఇంకో చిక్కుంది. అపొస్తలుల కార్యములు 2:38లో ‘పాపక్షమాపణ నిమిత్తము’ అని ఉంది. క్షమాపణ దొరకడానికి బాప్తిస్మమా, దొరికింది కనుక బాప్తిస్మమా? బాప్తిస్మం లేనిదే రక్షణ లేదనే సంఘాలు మొదటి అర్థం తీసుకుంటాయి. అప్పటికే కలిగిన రక్షణకు అది సాక్ష్యం అనేవాళ్లు రెండోది. మన ‘నిమిత్తము’ గడుసుది, ప్రయోజనానికీ కారణానికీ రెంటికీ సరిపోతుంది. ‘నా నిమిత్తము జనులు మిమ్మును నిందించి’ అని యేసు అన్నచోట అది కారణమే. తెలుగు వ్యాకరణంతో ఈ తగవు తీరదు.

‘రక్షించబడ్డాను’ తెలుగే. గ్రాంథిక రూపం ‘రక్షింపబడు’. ‘పాలు తాగబడ్డాయి’ లాంటివి చదివితే నాకూ ఒళ్లు మండుతుంది గానీ, ఇక్కడ ‘బడు’ అవసరమై వచ్చింది. ‘రక్షించుకున్నాను’ అంటే పని చేసింది నేనే అయిపోతుంది. కాలం కూడా చూడండి: ఎఫెసీ పత్రికలో ‘రక్షింపబడియున్నారు’, మొదటి కొరింథీ 1:18లో ‘రక్షింపబడుచున్న’, రోమా 5:9లో ‘రక్షింపబడుదుము’. అయిపోయింది, అవుతోంది, అవుతుంది. ‘కొను’ కనబడే చోటూ ఒకటుంది. ఫిలిప్పీ 2:12లో ‘మీ సొంతరక్షణను కొనసాగించుకొనుడి’ అన్నాడు పౌలు. కొనసాగించుకోమన్నాడే గానీ సంపాదించుకోమనలేదు.

మీ వాక్యాన్ని ‘మనిషి దేవుని కృప వల్ల, విశ్వాసం ద్వారా రక్షణ పొంది, మంచి పనుల కోసం బతకాలి’ అని మార్చుకోండి. కేథలిక్ పత్రికకు పంపుతుంటే ‘కృపతో సహకరిస్తూ’ అని చేర్చండి. వ్యాసంలో బాప్తిస్మం ప్రస్తావన ఉంటే దాన్ని ‘జ్ఞానస్నానం’ చెయ్యండి, వాళ్ల వాడుక అది.