కరెంటు లైను లేని ఫామ్‌హౌస్‌కు డీజిల్ జనరేటరా, పెట్రోలా, గ్యాసా?

రోజూ గంటల తరబడి నడపాలంటే డీజిల్ జనరేటర్ తీసుకోండి. సోలార్‌కు తోడుగా ముసురు రోజుల్లో మాత్రమే వాడేట్టయితే ఎల్‌పీజీతో నడిచే చిన్నది చాలు.

అసలు తేడా ఇంధనం నిల్వలో ఉంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బ్యురేటర్‌లో (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) జిగురు పట్టి, అవసరమైన రాత్రే ఇంజన్ స్టార్ట్ కాదు. డీజిల్ అంతకంటే ఎక్కువ కాలం ఆగుతుంది, సిలిండర్‌లోని గ్యాస్ పాడవదు. (వంటింటి సిలిండర్ దీనికి వాడకూడదు, కమర్షియల్‌దే తీసుకోవాలి.)

జనరేటర్ సైజును తేల్చేది నీళ్ల మోటారు. ఉదాహరణకు 1 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు సుమారు 1 కిలోవాట్ తీసుకున్నా, స్టార్టయ్యే క్షణంలో నాలుగైదు రెట్ల కరెంటు లాగుతుంది. దానికి 3 నుంచి 4 కేవీఏ (జనరేటర్ సామర్థ్యాన్ని చెప్పే కొలత) జనరేటర్ కావాలి.

పెద్దది కొంటే ఎప్పటికైనా మంచిదేనని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 10 కేవీఏ డీజిల్ సెట్‌ను నాలుగు లైట్ల కోసం నడిపితే ఇంధనం పూర్తిగా మండక ఇంజన్‌లో మసి పేరుకుంటుంది.

ఏది కొన్నా దయచేసి ఇంటి బయటే, కిటికీలకు దూరంగా పెట్టండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.