ఐరనీని తెలుగులో వ్యంగ్యం అనొచ్చా? న్యూస్ డెస్క్‌లో 11 ఏళ్ళు పనిచేసిన దాన్నిగా నా జవాబు

మీరు అడిగింది ఇదీ. ఆఫీసులో ఒకాయన కొత్త ఫోన్ కొన్న రోజే కింద పడి పగిలింది, పక్కనాయన "వాట్ ఏన్ ఐరనీ" (అనుకున్నదానికి సరిగ్గా ఎదురుగా జరిగిందే అని) అన్నాడు, రెండో ఆయన ఇది ఐరనీ కాదు ఉత్త బ్యాడ్ లక్ అన్నాడు, లంచ్ టైమంతా దాని మీదే గొడవ, ఆఖర్న మూడో ఆయన "ఎందుకండీ, తెలుగులో వ్యంగ్యం అంటే అయిపోయె కదా" అని తేల్చేశాడు, వీళ్ళలో ఎవరు కరెక్ట్ అని.

మీరు రాసినదాన్ని బట్టి రెండో ఆయనే కరెక్ట్. మూడో ఆయన మాట మాత్రం నేను అస్సలు ఒప్పుకోను. ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను, అచ్చులో చేశాను, దానివల్ల ఒక ఇంట్లో బాధ పడ్డారు.

నేను ఒక తెలుగు డైలీలో జిల్లా ఎడిషన్ డెస్క్ మీద సబ్ ఎడిటర్‌గా చేసేదాన్ని. ఒకరోజు రాత్రి మా కంట్రిబ్యూటర్ చిన్న ఐటం పంపాడు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన, సర్వీసు మొత్తంలో ఒక్క యాక్సిడెంట్ కూడా చేయని మనిషి, పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం రోడ్డు దాటుతుంటే బైక్ గుద్ది చనిపోయాడు. కంట్రిబ్యూటర్ చివర్లో అందరూ రాసినట్టే "రోడ్డు ప్రమాదంలోనే మృతి చెందడం గమనార్హం" అని రాశాడు. పేపర్ చదివేవాళ్ళకి తెలుసు, ప్రతి నాలుగో వార్త చివర ఈ గమనార్హం ఉంటుంది, నాకది చిరాకు. అప్పటికి నేను రోజూ ఇంగ్లీష్ వార్తా ఏజెన్సీల కాపీ తెలుగు చేసి చేసి ఐరానికల్లీ అని కనపడగానే వ్యంగ్యం అని రాసేయడం అలవాటైపోయి ఉన్నాను. గమనార్హం కొట్టేసి, ఆ వాక్యాన్ని పైకి తెచ్చి, "వ్యంగ్యం ఏంటంటే, సర్వీసంతా ఒక్క ప్రమాదం కూడా చేయని ఆయన..." అని మొదలుపెట్టాను. బాగా వచ్చిందనుకున్నాను కూడా. పదకొండున్నరకి పేజీ వదిలేశాం.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన కొడుకు ఆఫీసుకి వచ్చాడు. గుండుతో ఉన్నాడు, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన పేపర్ ముక్క తీసి నా టేబుల్ మీద పరిచాడు, వ్యంగ్యం అన్న మాట కింద బ్లూ పెన్నుతో రెండు గీతలు ఉన్నాయి. గట్టిగా అరవలేదు. "మేడమ్, మా నాన్న పోవడంలో మీకు వెటకారం ఏం కనిపించిందండీ?" అని అడిగాడు అంతే. నేను ఇంగ్లీష్‌లో ఐరనీ అని ఉంటుందండీ, దాన్ని మేం తెలుగులో ఇలా రాస్తామండీ అని చెప్పుకుంటూ పోయాను, ఆయన మొత్తం విన్నాడు, విని "నాకు అర్థమైందండీ, కానీ పేపర్ చదివింది మా అమ్మ" అన్నాడు. సవరణ వేస్తామండీ అంటే వద్దన్నాడు, అదీ అమ్మ కంట్లో పడుతుంది అని.

వెళ్ళేముందు ఇంకో మాట అన్నాడు. "వీధిలో ప్రతి పిల్లాడికీ చూసి దాటరా, చూసి దాటరా అని చెప్పేవాడండీ. చివరికి ఆయన్నే తీసుకుపోయింది ఆ రోడ్డు." నేను పడ్డ తంటా అంతా ఎందుకో అర్థమైంది అప్పుడు, ఐరనీ అన్న మాట గానీ వ్యంగ్యం అన్న మాట గానీ లేకుండా ఆయన ఐరనీని పూర్తిగా చెప్పేశాడు, రెండు వాక్యాల్లో, ఏడుపు ఆపుకుంటూ.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ తర్వాత చాలా రోజులు ఆలోచించాను. మన వాడుక తెలుగులో వ్యంగ్యం అంటే అనే నోరు ఒకటుండాలి, తగిలే మనిషి ఒకరుండాలి. తొమ్మిదింటికి నిద్రలేచిన కోడల్ని అత్తగారు "ఇంత పొద్దున్నే లేచావేంటమ్మా, ఇంకాసేపు పడుకోకపోయావా" అంటే అది వ్యంగ్యం. వెటకారం అనండి, ఎత్తిపొడుపు అనండి, ఎకసెక్కం అనండి, ఘాటులో తేడా ఉంది గానీ అన్నీ నోటితో అనేవే. ఇంగ్లీష్ ఐరనీలో ఇది ఒక్క ముక్క. అనుకున్నదానికి సరిగ్గా ఎదురుగా జరగడం అనేది ఇంకో ముక్క, అక్కడ అనేవాళ్ళెవరూ లేరు, జరిగిందంతే. అలాంటి చోట వ్యంగ్యం అని రాస్తే చదివేవాళ్ళు ఎవరు ఎవర్ని అన్నారా అని వెతుక్కుంటారు, ఇంకెవరూ కనపడరు కాబట్టి పేపరువాళ్ళే అన్నారనుకుంటారు. ఆ తల్లి అలాగే అనుకుంది, అందులో ఆమె తప్పేం లేదు.

ఆ వారం సెలవు పెట్టి తెనాలిలో మా పెదనాన్న దగ్గరకి వెళ్ళాను, ఆయన హైస్కూల్లో తెలుగు పండిట్‌గా చేసి రిటైరయ్యారు. జరిగింది చెప్తే ఆయన నాకంటే ఎక్కువ కోపం తెచ్చుకున్నారు, కానీ వేరే కారణానికి. "అమ్మాయ్, అసలు వ్యంగ్యం అంటే వెటకారం అని మీకెవరు చెప్పారే? అలంకారశాస్త్రంలో వ్యంగ్యం అంటే పైకి చెప్పకుండా స్ఫురించే అర్థం" అని మొదలుపెట్టి గోదావరి శ్లోకం చెప్పారు. శాతవాహన రాజు హాలుడి పేరు మీద ఉన్న గాథాసప్తశతి అనే ప్రాకృత పద్యాల సంకలనంలో ఉంది అది. 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు, ఇలా స్ఫురించే అర్థం (ధ్వని) గురించి రాసిన ధ్వన్యాలోకంలో మొదటి ఉదాహరణల్లోనే దాన్ని తీసుకున్నాడు, ఎక్కడో కాశ్మీర్‌లో కూర్చుని మన గోదావరి ఒడ్డు పద్యం! సంగతేంటంటే ఒకావిడ ప్రియుణ్ణి కలుసుకునే పొదల వైపు ఒక భక్తుడు రోజూ వస్తుంటాడు, ఆయనకి కుక్క అంటే భయం. ఆవిడ ఆయనతో "స్వామీ, ఇక నిశ్చింతగా తిరగండి, ఆ కుక్కని ఇవాళ గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే సింహం చంపేసింది" అంటుంది. మాటల్లో చూస్తే తిరగండి అనే చెప్తోంది, లోపలి అర్థం మాత్రం ఇటు రావద్దని. ఆ లోపలి అర్థమే వ్యంగ్యం అన్నారు ఆలంకారికులు. ఇందులో ఎగతాళి ఎక్కడుంది చెప్పు అని పెదనాన్న నా మీదకొచ్చారు.

నేనూ ఊరుకోలేదు. మరి మమ్మటుడి కావ్యప్రకాశంలో "ఎంత ఉపకారం చేశావు, ఏం చెప్పను, నీ మంచితనం లోకానికి చూపించావు, ఎప్పుడూ ఇలాగే చేస్తూ నూరేళ్ళు సుఖంగా ఉండు మిత్రమా" అని కీడు చేసినవాణ్ణి అనే శ్లోకం ఉంది కదా (డిగ్రీలో మాకు పాఠం), అది అచ్చం మన ఎత్తిపొడుపే కదా పెదనాన్నా, దాన్నీ ధ్వనిలోనే వేశారు కదా అన్నాను. అది విపరీతలక్షణ, అంటే మాటకి సరిగ్గా వ్యతిరేకమైన అర్థం తీసుకోవడం, అక్కడ కూడా వ్యంగ్యం అనేది స్ఫురించే అర్థానికి పేరే గానీ వెటకారానికి పేరు కాదు అన్నారాయన. సరే, మరి పేపర్లో కార్టూన్‌ని వ్యంగ్య చిత్రం అని అందరూ అంటున్నారు, అందరూ తప్పేనా అంటే, తప్పే అన్నారు. ఇక్కడ మాత్రం నేను ఆయనతో ఏకీభవించలేకపోయాను, ఇప్పటికీ ఏకీభవించను. అవసరం అంటే సంస్కృతంలో సమయం, సందర్భం, హిందీలో అవసర్ అంటే ఇప్పటికీ అవకాశమే, మనకి మాత్రం అక్కర అనే అర్థం స్థిరపడింది, అలాగని నాకు డబ్బు అవసరం అన్నవాణ్ణి ఎవరైనా తప్పు పడతారా? శాస్త్రంలో వ్యంగ్యం శాస్త్రంలో కరెక్ట్, కార్టూన్ మీద వ్యంగ్యం కార్టూన్ మీద కరెక్ట్. కానీ ఈ రెండిట్లో ఏ అర్థం తీసుకున్నా నేను రాసిన వాక్యం తప్పే, అక్కడ మాత్రం ఇద్దరం ఒకటయ్యాం.

మీ ఆఫీసు గొడవ కూడా కొంతవరకు ఇలాంటిదే. ఐరనీకి ఒరిజినల్ అర్థమే కరెక్ట్ అనేవాళ్ళు ఎప్పుడూ ఒకరుంటారు. ఒరిజినల్ అంటే ఎంత వెనక్కి పోవాలి? గ్రీకు నాటకాల్లో ఎయిరోన్ అని ఒక రకం పాత్ర, తనకి తెలిసినా తెలియనట్టు, చేతనైనా కానట్టు నటించేవాడు, గొప్పలు కొట్టుకునేవాడికి సరిగ్గా ఎదురు. అరిస్టాటిల్ కూడా నీతిశాస్త్రంలో ఈ ఇద్దర్నీ నిజం చెప్పేవాడికి చెరో పక్కన పెట్టాడు. ఆ మాట నుంచే ఐరనీ వచ్చింది. మరి అదొక్కటే కరెక్ట్ అంటే ఈరోజు క్లాసుల్లో చెప్పే డ్రమాటిక్ ఐరనీ కూడా తీసేయాలి, ఎందుకంటే గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ నాటకాల గురించి ఐరనీ అన్న మాటని గట్టిగా వాడి ప్రచారంలోకి తెచ్చింది థిర్ల్‌వాల్ అనే ఇంగ్లీష్ పండితుడు, 1833లో రాసిన వ్యాసంలో. ప్రేక్షకులకి తెలిసింది పాత్రకి తెలియకపోవడం అది. మనకైతే కన్యాశుల్కం చాలు, ఆడపిల్ల వేషం వేసిన కుర్రాణ్ణి లుబ్ధావధాన్లు డబ్బిచ్చి మరీ పెళ్ళి చేసుకుంటుంటే కింద కూర్చున్న జనానికంతా తెలుసు, ఆయనకొక్కడికే తెలీదు.

అర్థం మారింది కదా అని దేనికి పడితే దానికి ఐరనీ అనొచ్చా అంటే, అనకూడదనే నా అభిప్రాయం, తేడాలు చెరిగిపోతే నష్టం మనకే. కెనడా సింగర్ అలానిస్ మోరిసెట్ పాట ఒకటి 1996లో సింగిల్‌గా వచ్చింది, పేరే ఐరానిక్. పెళ్ళి జరిగే రోజున వాన పడటం లాంటివి అందులో ఐరనీగా చెప్తే, అవి ఐరనీ కాదు దురదృష్టం అని ఇంగ్లీష్ వాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఆ గొడవ గురించి చదువుతుంటే నాకు మా అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. పెళ్ళిలో వాన పడటానికి మన దగ్గర ఎప్పట్నుంచో సామెత ఉంది కదా, దరిద్రుడి పెళ్ళికి వడగళ్ళ వాన అని! అది దురదృష్టం అనే పెట్టెలోకి వెళ్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు కూడా అందులోకే వెళ్తుంది. రెండు విషయాలు సంబంధం లేకుండా ఒకేసారి జరిగితే కాకతాళీయం, కాకి వాలింది, అప్పుడే తాటిపండు రాలింది, కాకికీ పండుకీ ఏ లావాదేవీ లేదు. ఇక మూడోది, ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందట. అదీ ఐరనీ. ఏ బల్లి పడినా జాలే, కానీ అందరికీ ముందే చెప్పగలిగే బల్లి తన సంగతి చూసుకోలేకపోవడంలో ఉంది అంతా. కంచే చేను మేయడం కూడా ఇదే, గేదె మేస్తే దానికి సామెత ఎందుకు?

కాబట్టి నేను చూసేది ఇదొక్కటే, జరిగినదానికీ ఆ మనిషికీ లోపల ముడి ఉందా అని. ఆ పెద్దాయన రోడ్డు మీద జాగ్రత్తకే పేరు పడ్డ మనిషి కాబట్టి ఆయన రోడ్డు మీద పోవడంలో ఆ ముడి ఉంది. అదే ఆయన రిటైరైన మర్నాడే గుండెపోటుతో పోయి ఉంటే అది ఘోరం అవుతుంది, ఐరనీ అవదు.

మరి తెలుగులో ఏం రాయాలి అంటే, నేను ఆ తర్వాత డెస్క్‌లో ఉన్నన్నాళ్ళూ పాటించింది చెప్తాను. అనే మనిషి ఉంటే వ్యంగ్యం, వెటకారం, ఏది నప్పితే అది. జరిగిన సంగతి అయితే, చావు వార్త అయితే విషాదం అని, కాస్త తేలికైన సంగతి అయితే విచిత్రం, విడ్డూరం అని. కొంతమంది విధి వైచిత్రి అని రాస్తారు, తప్పు కాదు గానీ నాకది పాత నాటకం డైలాగులా వినపడుతుంది. చాలాసార్లు అసలు ఏ లేబులూ వేయకుండా రెండు సంగతులు పక్కపక్కన పెట్టేసేదాన్ని, "అందరికీ చూసి దాటమని చెప్పిన మనిషి" అని ఒకటి, "రోడ్డు దాటుతూ" అని ఒకటి. ఆ కొడుకు చెప్పింది అలాగే కదా. కొత్తగా చేరిన పిల్లలకి కూడా ఐరానికల్లీ అని వస్తే ముందు ఆ మాట కొట్టేసి చదవండి, విషయం అందకపోతే అప్పుడు వెతుకుదాం అని చెప్పేదాన్ని, వెతకాల్సిన పని చాలా తక్కువసార్లు పడింది.

మీ ఫోన్ సంగతికి వస్తే, కొన్నరోజే పగిలింది అన్నంతవరకే అయితే అది వడగళ్ళ వాన, రెండో ఆయన గెలిచినట్టే. కానీ అది ఎలా పడిందో మీరు రాయలేదు, ఒకసారి కనుక్కోండి. కింద పడినా పగలకూడదని కొన్న కవర్ తొడుగుతుంటేనే చేతిలోంచి జారిందంటే మాత్రం మొదటాయన అన్న మాటే కరెక్ట్.