మీ ప్రశ్న: పోయిన ఆదివారం సముద్రపు ఒడ్డున బయటపడ్డ రాళ్లు ఈ ఆదివారం ఎందుకు మునిగాయి?

మీరు రెండు ఆదివారాలూ ఉదయం 7 గంటలకే వెళ్లానన్నారు కదా, తేడా అక్కడే వచ్చింది. ఆటుపోట్లు మన గడియారాన్ని కాదు, చంద్రుణ్ణి అనుసరిస్తాయి. భూమి ఒక చుట్టు తిరిగేలోపు చంద్రుడు కాస్త ముందుకు జరుగుతాడు. అందుకే ఆటు (నీళ్లు వెనక్కి తగ్గే సమయం) రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. వారానికి లెక్కేయండి, దాదాపు ఆరు గంటలు! చాలా తీరాల్లో పోటుకీ (నీళ్లు పైకి వచ్చే సమయం) ఆటుకీ మధ్య ఉండేది కూడా అంతే. అంటే ఈ ఆదివారం మీరు సరిగ్గా పోటు మీద ఉన్నప్పుడు వెళ్లారు. ఇంకో వారం ఆగితే 7 గంటల ప్రాంతంలోనే మళ్లీ ఆటు దొరుకుతుంది.

ఒక్క టైమ్ చూస్తే సరిపోదు, తిథి కూడా చూడండి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీళ్లు బాగా వెనక్కి తగ్గుతాయి, అప్పుడు సూర్యుడి లాగుడు కూడా తోడవుతుంది కాబట్టి. అష్టమి దగ్గర తగ్గినా రాళ్లు పూర్తిగా తేలకపోవచ్చు.

ఆటుపోట్ల సమయాల పట్టిక మాత్రం మీకు దగ్గర్లోని రేవుదే తీసుకోండి, వేరే రేవుదైతే గంటల తేడా రావచ్చు. ఆటుకి గంటన్నర ముందే దిగి, నీళ్లు తిరగ్గానే ఒడ్డుకి వచ్చేయండి. పోటు మొదట మెల్లగానే ఉంటుంది, మూడో, నాలుగో గంటల్లోనే నీళ్లు జోరుగా పెరుగుతాయి. పిల్లలతో వెళ్తున్నానన్నారు, దయచేసి ఈ ఒక్కటీ మర్చిపోకండి.