ఆగి ఉన్న విమానంలో గాలి

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

శంషాబాద్‌లో విమానాల గాలి వ్యవస్థల మరమ్మతు పనిలో చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. నా తర్వాత మన ఇంట్లో ఆ పనిముట్లు పట్టేది నువ్వేనని పొంగిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఫిల్టర్లు గడువుకు మార్చు, తేదీ రాయి. క్యాబిన్ గాలిలో దాదాపు సగం, సూక్ష్మ కణాలను కూడా పట్టే హెపా ఫిల్టర్లలో వడకట్టుకుని, తాజా గాలితో కలిసి మళ్లీ లోపలికి వస్తుంది. పైన ఎగురుతున్నంతసేపూ నాకు దిగులు లేదు. నా భయమంతా నేల మీద ఆగిన విమానం గురించే.

1977లో అలాస్కాలో 54 మందితో ఉన్న జెట్ విమానానికి టేకాఫ్ సమయంలో ఇంజిన్ చెడింది. మూడు గంటలు నేల మీదే ఆగింది. గాలి వ్యవస్థ పనిచేయలేదు. అయినా చాలామంది లోపలే కూర్చున్నారు. వారిలో ఒకరికి ఫ్లూ. 72 గంటలు గడిచేసరికి ప్రయాణికుల్లో 72 శాతం మంది దగ్గు, జ్వరాలతో మంచం పట్టారు. ఎక్కువసేపు లోపల ఉన్నవారిలోనే ఎక్కువమందికి సోకింది. ఇంజిన్ చెడితే అందరి చూపూ ఇంజిన్ మీదే ఉంటుంది తల్లీ, లోపలివాళ్ల ఊపిరి ఎవరికీ గుర్తు రాదు. నువ్వు గుర్తుంచుకో.

బేగంపేటలో ఒక మే నెల మధ్యాహ్నం ఏపీయూ (ఇంజిన్లు ఆగి ఉన్నప్పుడు కరెంటు, గాలి ఇచ్చే చిన్న ఇంజిన్) పనిచేయని విమానంలో జనాన్ని కూర్చోబెట్టి తలుపు మూశారు. చల్లగాలి బండి ఇంకో విమానం దగ్గర ఉంది. లోపల ఒక బాలింత కొంగుతో బిడ్డకు విసురుతోంది. బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా లేదు. తలుపు తీయించేవరకు నేను మెట్లు దిగలేదు. అందుకే చెబుతున్నాను, బండి వచ్చి గొట్టం తగిలించేదాకా ఎవరినీ ఎక్కించవద్దని గట్టిగా చెప్పు. ఆలస్యం నీ పేరున రాస్తామంటారు. రాయనీ.

తడి మేజోళ్ల వాసన వచ్చిందని సిబ్బంది రాస్తే కొట్టిపారేయకు. ఇంజిన్ సీలు దగ్గర నూనె కారి, అక్కడి నుంచి క్యాబిన్‌కు వచ్చే గాలిలో కలుస్తుండవచ్చు. నీకు ఆ వాసన తగలకపోయినా వెతుకు.

మొన్న జ్వరంతోనే పరీక్షకు వెళ్లావట! ఆ మొండితనం పనిలో చూపిస్తే ఊరుకోను. చిన్నప్పుడు ఆయాసం వస్తే రాత్రంతా నా భుజం మీదే నిద్రపోయేదానివి. సీలెంట్లు, ద్రావకాల మధ్య పనిచేసేటప్పుడు మాస్కు తీయకు. ఇన్‌హేలర్ జిప్పున్న జేబులోనే పెట్టుకో. వంగినప్పుడు అది జారి లోపల పడితే, దొరికేదాకా విమానం కదలదు.