కొటేషన్ల దగ్గర ఆగాడని కోర్సు మార్పించకండి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె, రొయ్యల గుంటలు ఉన్నాయి. మా వాడు బీటెక్ సీఎస్ఈ అయిపోయి ఏడాది దాటింది. ఇంట్లోనే డేటాబేస్‌లు నేర్చుకుంటున్నాడు. కాలేజీలో మైఎస్‌క్యూఎల్‌లో రాసిందే ఇప్పుడు పోస్ట్‌గ్రెస్‌లో రాస్తే ఎర్రర్లంట, అదీ కొటేషన్ మార్కుల దగ్గరంట. ఇంత చిన్నదానికే వారాలు పడితే రేపు ఉద్యోగం ఏం చేస్తాడు? మా ఆడపడుచు కొడుకు హైదరాబాద్‌లో ఏఐ కోర్సులో చేరాడు. వీణ్ణీ అందులో చేర్పించమంటారా? రెండింట్లో ఏది మేలు?

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఏ కోర్సు మేలని. మీ మనసులో ఉన్నది మాత్రం వీడికి అసలు పని అబ్బుతుందా అనే దిగులు. అబ్బుతుంది. వాడు ఆగిన చోటే, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా ఒక డేటాబేస్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు ఆగుతారు.

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ రెండూ లెక్కలని టేబుళ్లుగా దాచిపెట్టే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లే. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ పేరు చుట్టూ బ్యాక్‌టిక్ (` గుర్తు) పెడతారు, డబుల్ కొటేషన్లలో ఏది పెట్టినా మామూలుగా అది అక్షరాల విలువ, అంటే టేబుల్‌లో నింపే మాట కిందే లెక్క. పోస్ట్‌గ్రెస్‌కి బ్యాక్‌టిక్ పనికిరాదు. అక్కడ డబుల్ కొటేషన్లు పేర్లకే, విలువలకి సింగిల్. ఊరు కావలి అయినవి చూపించమని డబుల్ కొటేషన్లలో రాస్తే, కావలి అనే కాలమ్ ఎక్కడుందో వెతికి లేదని చెబుతుంది. కొటేషన్లు లేని పేర్లన్నిటినీ పోస్ట్‌గ్రెస్ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోకి మారుస్తుంది, ఒరాకిల్ అనే ఇంకో డేటాబేస్ పెద్ద అక్షరాల్లోకి. అందుకే పెద్ద అక్షరంతో, కొటేషన్లలో టేబుల్ చేసి, తర్వాత ఉత్త పేరుతో అడిగితే పోస్ట్‌గ్రెస్ అలాంటి టేబులే లేదంటుంది.

ఇది చూసి, అన్నిటికీ కొటేషన్లు పెట్టేస్తే గొడవే ఉండదని పిల్లలు అనుకుంటారు. అప్పుడు టైప్ పేరు, అంటే కాలమ్‌లో అంకెలుంటాయా మాటలుంటాయా అని చెప్పే పేరు దగ్గర దెబ్బ తగులుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇంటీజర్ అని ఉత్తగా రాస్తే సరిపోతుంది, దాన్నే డబుల్ కొటేషన్లలో పెడితే ఆ టైప్ లేదంటుంది, ఎందుకంటే లోపల దాని అసలు పేరు ఇంట్4. మీ వాణ్ణి యూజర్ అనే టేబుల్ కొటేషన్లతో చేసి, అందులో నాలుగు వరసలు వేసి, కొటేషన్లు లేకుండా సెలెక్ట్ స్టార్ ఫ్రమ్ యూజర్ (యూజర్‌లో ఉన్నవన్నీ చూపించు) అని అడగమనండి. ఎర్రర్ రాదు, వేసిన వరసలూ రావు, వాడు లాగిన్ అయిన పేరు ఒక్కటే వస్తుంది. ఎందుకో వాడే వెతికి పట్టుకోవాలి. ఎర్రర్ వస్తే ఒక రకంగా మంచిదే. ఫోన్లలో ఉండే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో అయితే, డబుల్ కొటేషన్లలో కాలమ్ పేరు తప్పు రాసినా మామూలుగా దాన్ని అక్షరాల విలువ అనుకుని నోరెత్తకుండా సాగిపోతుంది, లెక్క తప్పిందని తెలిసేసరికి చాలా ఆలస్యమవుతుంది.

ఇక ఏఐ కోర్సు. ఆ చదువు మీద నాకు గౌరవం ఉంది, జాబ్ గ్యారంటీ అని బోర్డు పెట్టి ఫీజు ముందే కట్టించుకునే నాలుగు నెలల కోర్సుల మీద లేదు. చాలా చోట్ల ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రామ్‌నే పిల్లలతో నొక్కిస్తారు. ఆ డేటా ఏ టేబుల్ నుంచి వచ్చింది, అందులో తప్పులెన్ని అని అడిగితే పిల్లాడు తెల్లముఖం వేస్తాడు. ఏఐ ఇప్పుడు క్వెరీలు, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు బాగానే రాస్తుంది, కానీ పోస్ట్‌గ్రెస్‌కి బ్యాక్‌టిక్‌లు పెట్టి ఇచ్చినప్పుడు అది తప్పని పట్టుకునే మనిషి కావాలి కదా, మీ వాడు నేర్చుకుంటున్నది సరిగ్గా అదే. లెక్కలు, గణాంకాలు ఇష్టమైతే ఏఐ వైపు తర్వాతైనా వెళ్లొచ్చు, ఇది వచ్చినవాడికి అక్కడా అక్కరకొస్తుంది.

ఒక మాట కఠినంగానే చెబుతాను. ఆడపడుచు కొడుకుతో పోల్చడం మానండి. అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా ఇంకా ఆ కొటేషన్లేనా అంటే, వాడు రేపటి నుంచి ఎక్కడ ఆగాడో మీకు చెప్పడు. ఈరోజు మీతో చెప్పుకుంటున్నాడంటే అది మీ అదృష్టం. రొయ్యల పట్టుబడి డబ్బులు రాగానే టెన్షన్‌లో ఫీజు కట్టేయకండి.

వాణ్ణి మీ గుంటల లెక్కలే డేటాబేస్‌గా చేయమనండి: సీడ్ ఎప్పుడు వేశారు, మేత ఎంత పడింది, పట్టుబడిలో ఏ కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) వచ్చింది, ఎవరికి అమ్మారు. పేర్లన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్‌తో పెట్టాలి. ఆర్డర్, యూజర్, గ్రూప్ లాంటి మాటలు టేబుల్ పేర్లుగా వద్దు, సీడ్ ఆర్డర్స్ అని పెడితే సరి. అలా చేస్తే కొటేషన్ల అవసరమే దాదాపు పడదు. దాన్నే మైఎస్‌క్యూఎల్‌లోనూ పోస్ట్‌గ్రెస్‌లోనూ నడిపి, ఎక్కడ ఏం మార్చాల్సి వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకోమనండి, ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లమనండి.