బి16 కణాల మీద హెచ్-2 కనపడకపోతే 17వ క్రోమోజోమ్ పోయినట్టేనా?

మీ బి16 మెలనోమా (ఎలుక చర్మ క్యాన్సర్) కణాల్లో క్రోమోజోమ్‌ల లెక్క ఒక్కో కణంలో ఒక్కోలా వస్తోంది, ఫ్లో సైటోమెట్రీలో (కణాలకు మెరిసే యాంటీబాడీ అంటించి కొలిచే పద్ధతి) హెచ్-2 సిగ్నల్ (కణం లోపలి ప్రొటీన్ ముక్కల్ని పైపొర మీద రోగనిరోధక కణాలకు చూపించే ఎలుక ప్రొటీన్ ఇది) దాదాపు లేదు, హెచ్-2 జన్యువులు ఉండే 17వ క్రోమోజోమే పోయిందా అని అడిగారు.

అప్పుడే ఆ నిర్ణయానికి రావొద్దు. బి16 మీద హెచ్-2 తక్కువగా ఉండటం ఆ కణాల లైన్ స్వభావమే. హెచ్-2 జన్యువు ఉంటుంది, కానీ దానికి పెప్టైడ్‌లు (ప్రొటీన్ ముక్కలు) అందించే టాప్ లాంటి జన్యువులు బాగా తక్కువగా పనిచేస్తాయి. పెప్టైడ్ దొరక్కపోతే హెచ్-2 చాలావరకు కణం పైపొర దాకా రాదు. నేను ఈ లైన్‌తో పనిచేసినప్పుడు ఒక ఫ్లాస్కుకు ఇంటర్‌ఫెరాన్-గామా (ఈ జన్యువుల పనిని పెంచే రోగనిరోధక సంకేత ప్రొటీన్) ఇచ్చి, ఇంకోదానికి ఇవ్వకుండా 48 గంటలు ఉంచాం. ఇవ్వనిదాని హిస్టోగ్రామ్ ఐసోటైప్ కంట్రోల్‌కు (హెచ్-2ని పట్టుకోని, పోలిక కోసం వాడే యాంటీబాడీ) అంటుకునే ఉంది. ఇచ్చినదానిలో శిఖరం మొత్తం కుడివైపు జరిగిపోయింది. జన్యువే లేకపోతే అలా జరగదు. మీరూ ముందు ఇదే చేయండి, టెన్షన్ సగం తగ్గుతుంది.

యాంటీబాడీ రకం కూడా ఒకసారి చూసుకోండి. బి16 పుట్టింది సి57బిఎల్/6 ఎలుకలో, కాబట్టి ఆ ఎలుకల్లో ఉండే 'బి' రకం హెచ్-2ని పట్టుకునే యాంటీబాడీ కావాలి. బాల్బ్/సి అనే వేరే ఎలుక జాతి కణాల కోసం తెప్పించిన 'డి' రకంతో ఏమీ కనపడదు.

ఇక లెక్క సంగతి. మామూలు ఎలుక క్రోమోజోమ్‌లు 40, అన్నిటికీ సెంట్రోమియర్ (క్రోమోజోమ్ మీద నొక్కుకుపోయినట్టు కనిపించే చోటు) ఒక చివరే ఉంటుంది. మీ స్లైడ్‌లో మధ్యలో సెంట్రోమియర్ ఉన్నవి కనిపిస్తే అవి రెండు క్రోమోజోమ్‌లు అతుక్కుని ఏర్పడినవి కావచ్చు. అలాంటప్పుడు లెక్క ఒకటి తగ్గుతుంది గానీ పెద్దగా జన్యువులేమీ పోవు. అందుకే నేను క్రోమోజోమ్‌లతో పాటు వాటి భుజాలు (సెంట్రోమియర్ నుంచి సాగే భాగాలు) కూడా లెక్కపెడతాను. పైగా 38 వచ్చినా 70 వచ్చినా, ఏ క్రోమోజోమ్ తగ్గిందో, ఏది పెరిగిందో ఆ సంఖ్య చెప్పదు. దానికి జి-బ్యాండింగ్ (రంగు చారలను బట్టి ఒక్కో క్రోమోజోమ్‌ను గుర్తించే పద్ధతి) లాంటిది చేయాల్సిందే.

ఇంటర్‌ఫెరాన్ ఇచ్చినా హెచ్-2 పెరగలేదనుకోండి, అదే ట్యూబులో పీడీ-ఎల్1 (ఇంటర్‌ఫెరాన్‌తో పెరిగే ఇంకో పైపొర ప్రొటీన్) కూడా చూడండి. అదీ పెరగకపోతే కణానికి ఇంటర్‌ఫెరాన్ సంకేతమే అందడం లేదేమో. అది పెరిగి హెచ్-2 ఒక్కటే పెరగకపోతే అప్పుడు క్రోమోజోమ్‌ల మీద అనుమానపడటంలో అర్థం ఉంది. అప్పుడు కూడా 17 ఒక్కటే చూస్తే చాలదు. హెచ్-2కి జోడుగా ఉండాల్సిన బీటా-2 మైక్రోగ్లోబులిన్ జన్యువు 2వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అది దెబ్బతిన్నా ఫ్లోలో మీకు ఇదే ఫలితం వస్తుంది. స్లైడ్లకూ ఫ్లోకూ ఒకే పాసేజ్ (కొత్త ఫ్లాస్కుకు మార్చిన విడత) కణాలు వాడండి, లేకపోతే ఆ రెండు ఫలితాలనూ కలిపి చూడలేరు.