కణాల మీద రాసేటప్పుడు

చెల్లె,

తొమ్మిదో తరగతి పిల్లల కోసం నువ్వు రాసిన 'పదార్థం – కణాలు' వ్యాసం చదివిన. భాష మంచిగుంది, ఎక్కడా తట్టుకోదు. నాకు భయం కూడా అదే. తప్పు సుత అంతే సాఫీగ పిల్లల తలలోకి దిగుతది.

'వేడిచేస్తే కణాలు ఉబ్బుతయి, మంచు కరిగితే కణాలు మెత్తబడి నీళ్లయితయి' అని రాసినవు. పెరిగేది కణం కాదు, కణాల నడుమ దూరం. కరిగేది మంచు. నీటి అణువు మంచులో ఉన్నా, బిందెలో ఉన్నా, ఆవిరిలో ఉన్నా అదే అణువు. ఎర్ర పెన్ను పట్టుకొని వ్యాసమంతా మళ్లొకసారి చదువు. ప్రతి క్రియ కింద గీత గీసి, ఈ పని చేసేది పదార్థమా, కణమా అని అడుగు. కణానికి చేతనయ్యే పనులు కొన్నే. కదులుతది, అదురుతది, గిర్రున తిరుగుతది, ఇంకోదాన్ని గుద్దుతది, పక్కదాన్ని లాగుతది, మరీ దగ్గరికొస్తే నెడుతది. కరగడం, మరగడం, గట్టిదనం, రాగికుండే ఎరుపు, ఇవన్నీ గుంపు లక్షణాలు. ఒక్క రాగి పరమాణువు ఎర్రగ ఉండదు. 'వేడి కణం' అని కూడా రాయకు, 'వేగంగ కదిలే కణం' అను.

ఇగ బొమ్మల సంగతి. మూడు పెట్టెలు గీసి, ఘనంలో చుక్కలు దగ్గర దగ్గరగ, ద్రవంలో కొంచెం ఎడంగ, వాయువులో ఇంకొంచెం ఎడంగ పెట్టినవు. చాలా పుస్తకాల్లో ఇట్లనే ఉంటది, అయినా తప్పే. ద్రవంలో కణాలు దాదాపు తగులుకొనే ఉంటయి. పోయేది వరుస, దగ్గరితనం కాదు. లెక్క చూడు: 18 గ్రాముల నీళ్లు 18 మి.లీ. చోటు తీసుకుంటయి. అవే 100 డిగ్రీల దగ్గర ఆవిరయితే సుమారు 30 లీటర్లు కావాలె. అంటే దాదాపు 1,700 రెట్లు. దీని ఘనమూలం 12. ద్రవం పెట్టెలో 3 మి.మీ. సున్నాలు తగిలేటట్టు గీస్తే, ఆవిరి పెట్టెలో సున్నాకూ సున్నాకూ నడుమ మూడున్నర సెంటీమీటర్లు వదలాలె. నోటుబుక్కు పేజీ వెడల్పుకు నాలుగైదు పడితే ఎక్కువ. అట్ల గీస్తే పేజీ బోసిగ కనబడుతది, కనబడనియ్యి.

ఆ ఖాళీలో ఏముందని అడిగితే పది మందిలో సగం మంది 'గాలి' అంటరు. గాలి కూడా కణాలేనాయె! అక్కడ ఏమీ లేదని ఒక వాక్యం విడిగ రాయి. నీళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. లీటరు నీళ్లు గడ్డకడితే సుమారు 1.09 లీటర్ల మంచయితది, అంటే ఇక్కడ ఘనంలోనే ఎడం ఎక్కువ. మైనం అట్ల కాదు, గడ్డకడితే నడుమ గుంట పడుతది. 'ఘనంలో కణాలు అన్నిటికన్న దగ్గర' అనే సూత్రాన్ని నీళ్ల బొమ్మతోటి చెప్పకు, మైనంతోటి చెప్పు.

చెరువుగట్టు జాతర జనంతోటి పోల్చినవు. ఉంచు, కానీ ఎక్కడ తెగుతదో కూడా అక్కడనే రాయి. జనం అలిసిపోయి కూసుంటరు, కణాలు ఆగవు.

ప్రయోగాల్లో సిరంజిది మంచిది, కానీ వివరం చాలలేదు. మెడికల్ షాపులో 20 మి.లీ. కొత్త సిరంజి, సూది లేకుండ తీసుకోవాలె. 20 గీత దాకా గాలి లాగి, మూతి బొటనవేలితో మూసి నొక్కితే 10 దాకా దిగుతది. వదిలితే వెనక్కొస్తది. నీళ్లు నింపి నొక్కితే కదలదు. పిల్లలకు కొంచెం కదిలిందంటే లోపల బుడగ మిగిలినట్టు. మూతి పైకి పెట్టి, గోటితో కొట్టి, బుడగను బయటికి నెట్టినంక నొక్కమని రాయి. ఈ మాట లేకపోతే 'నీళ్లు కూడా నొక్కుకుంటయి' అని నేర్చుకుంటరు.

పొటాషియం పర్మాంగనేట్‌ది మాత్రం తీసెయ్యి. గ్లాసు నీళ్లలో పలుకు వేస్తే దిగే ఊదా తీగలు వ్యాపనం (కణాలు తమంతట తామే కదిలి అంతటా పరుచుకోవడం) కావు. ముదురు ద్రావణం బరువుకు కిందికి జారుతది. వేడి నీళ్లయితే ప్రవాహాలు దాన్ని తిప్పుతయి. వ్యాపనాన్నే చూపాలంటే ప్రవాహాన్ని ఆపాలె. కిరాణం దుకాణంలో దొరికే చైనా గ్రాస్ (అగర్) ఒక గ్రాముకు కొంచెం పైన, 100 మి.లీ. నీళ్లలో పూర్తిగ కరిగేదాక మరిగించి, రెండు సన్నటి సీసాల్లో పోసి గడ్డకట్టనియ్యాలె. పైన ఫుడ్ కలర్ రెండు చుక్కలు. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి బయట. తెల్లారి స్కేలు పెట్టి చూస్తే బయటిదాంట్లో రంగు సెంటీమీటరు అటూ ఇటూ దిగి ఉంటది, ఫ్రిజ్‌లోది అంతకన్న తక్కువ. రెట్టింపు దూరానికి రెండు రోజులు కాదు, నాలుగు రోజులు పడుతది, ఎందుకంటే కణం ఒక దిక్కు పోదు, గుద్దుకుంట ఎటుబడితే అటు తిరుగుతది. జెలటిన్ వాడమనకు, మన ఎండకు అది నీరవుతది.

కిటికీ ఎండలో ఆడే దుమ్మును బ్రౌనియన్ చలనం (చుట్టూ ఉన్న అణువులు గుద్దుతుంటే సూక్ష్మ రేణువులు ఎటుబడితే అటు అదరడం) అన్నవు. దాన్ని తిప్పేది గాలి ప్రవాహం. రాబర్ట్ బ్రౌన్ 1827లో మైక్రోస్కోపు కింద చూసింది పుప్పొడి రేణువులను కాదు, వాటి లోపలి నుంచి వచ్చిన సూక్ష్మ రేణువులను.

ఇప్పుడు నువ్వు ఒక్క వాక్యంలో దాటేసినదాని గురించి. నల్లగొండ పిల్లలకు రాస్తూ ఫ్లోరైడ్‌ను అట్ల విడిచిపెడితే ఎట్ల? కణ నమూనా లేకుండ అర్థంకాని సంగతి మన దగ్గర ఇదొక్కటి చాలు. నీళ్లు తేటగ ఉంటయి, అయినా అందులో పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ ఉంటది. లీటరుకు 1.5 మి.గ్రా. మన తాగునీటి ప్రమాణం ఒప్పుకునే ఆఖరి హద్దు. ఆ హద్దు దగ్గర లీటరులో సుమారు 4.8×10¹⁹ ఫ్లోరైడ్ అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) ఉంటయి. ఇంత పెద్ద సంఖ్య పిల్లలకు తగలదు, తిప్పి చెప్పు: ఏడు లక్షల నీటి అణువులకు ఒక్క అయాన్. బట్టతో వడగడితే ఆగదు, ఎందుకంటే బట్ట రంధ్రం మిల్లీమీటరులో పదో వంతున్నా అయాన్ అంతకు లక్ష రెట్లకు పైగా చిన్నది. మరిగిస్తే? నీటి అణువులు లేచిపోతయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటది. లీటరు మరిగి ముప్పావు లీటరయితే 1.5 కాస్తా 2 అయితది. 'కాచి తాగితే మంచిది' అనే ఇంటిమాట క్రిములకు సరిపోతది, దీనికి పనిచెయ్యదు. ఈ తేడా రాయి.

ఆ తర్వాత నల్లగొండ టెక్నిక్‌కు రా. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను తీసేటందుకు నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసిన పద్ధతి: సున్నం, పటిక వేసి కలిపితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టెలు కట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుంటయి, తెట్టెలు అడుక్కు దిగినంక నీళ్లు వడగడతరు. బట్టకు దొరకని అయాన్ తెట్టెకు అంటుకొని దొరుకుతది. పటిక ఎంత వెయ్యాలనేది ఆ నీళ్ల ఫ్లోరైడ్‌ను బట్టీ, క్షారతను బట్టీ మారుతది. కాబట్టి మోతాదు రాయకు, ఎవరో ఇంట్లో చేసి తాగుతరు.

తిరగరాసినంక ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలకు ఇచ్చి చదివించు. 'అర్థమైందా' అని అడగకు, అయిందనే అంటరు. సలసల మరిగే నీళ్ల నుంచి లేచే పెద్ద బుడగల లోపల ఏముందని అడుగు. నీటి ఆవిరి అంటే అచ్చుకు పంపు. గాలి అంటే బొమ్మల పేరా మళ్ల రాయి. 'మొదట్లో గిన్నెకు అంటుకునే చిన్న బుడగల్లో గాలి, తర్వాతి పెద్దవాటిలో ఆవిరి' అని ఎవరన్న అంటే, ఆ పిల్ల చేతనే వ్యాసం దిద్దించు.

ఇట్లు,
అన్న